ఓనమాల గదిలో అన్నయ్య

రెండో అంతస్తు మలుపు దగ్గర ఆ నిలువెత్తు హార్ప్‌ని కొంచెం వెనక్కి వాల్చి, పైభాగం గోడకు తగలకుండా పక్కకు తిప్పాలి. ఆ సంగతి అన్నదమ్ములిద్దరి చేతులకూ తెలుసు కాబట్టి నోళ్ళకు పని ఉండదు. అన్నయ్య పైన, వెనక్కి నడుస్తూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నాడు. తమ్ముడు కింద, బరువంతా రొమ్ముకు ఆనించుకుని, ముఖం సగం దళసరి గుడ్డ తొడుగులో కూరుకుపోయి, అన్నయ్య కదిలితే కదులుతూ, ఆగితే ఆగుతూ వస్తున్నాడు.

మలుపు తిరిగాక అన్నయ్య ఆగాడు. ఎప్పుడూ అక్కడ ఆగరు. ఇంకో వరస మెట్లు ఎక్కేసి పైన హాల్లోనే దింపుతారు.

"కాస్త దింపు," అన్నాడు అన్నయ్య. గోడకు చేరగిలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రుమాలు మడతలు చూస్తూ, "ఇవాళ నేను బండిలో కూర్చోనురా. పేరు రాయించుకున్నాను," అన్నాడు.

"దేనికి?"

అన్నయ్య అరచేత్తో హార్ప్ తొడుగు మీద మెల్లగా తట్టాడు. "దీనికే. ఓనమాల గదిలో."

తమ్ముడి చేయి జారింది. హార్ప్ అడుగు మెట్టు అంచుకు తగిలి, తొడుగు లోపల తీగలన్నీ ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. ఇద్దరూ ఒకేసారి వంగి పట్టుకున్నారు. ఇన్నేళ్ళలో తమ్ముడు పట్టు వదిలింది అదే మొదలు.

వాళ్ళను ఊళ్ళో అందరూ పెద్దబ్బాయి, చిన్నబ్బాయి అనే పిలుస్తారు. తండ్రి బండి నడిపే రోజుల్లో పడ్డ పిలుపులవి. తలలు నెరిసినా, చిన్నబ్బాయికి కూతురు పుట్టి, పెరిగి ఉద్యోగానికి వెళ్ళిపోయినా, ఆ పిలుపులు మాత్రం ఎదగలేదు. ఏడాది పొడుగునా వాళ్ళ పని బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు ఒక ఇంట్లోంచి దించి ఇంకో ఇంట్లోకి ఎక్కించడం. ఈ పాత భవనంలో హార్ప్ నేర్పే కార్యశాల జరిగే రోజు మాత్రం హార్ప్‌లు మోస్తారు. ఇక్కడి లిఫ్టులో మనుషులు పడతారు గానీ హార్ప్ పట్టదు. పొద్దున్నే అన్నిటినీ పై అంతస్తుకు చేర్చి, సాయంత్రం దాకా బండిలో కునుకు తీసి, మళ్ళీ అన్నిటినీ దించి, హార్ప్ టీచరమ్మ ఇంటి వెనక గదిలో వరసగా నిలబెట్టి వెళ్ళిపోతారు.

పైన నాలుగు గదులు. ఒక దాంట్లో శాస్త్రీయం, ఒక దాంట్లో జానపద బాణీలు, ఒక దాంట్లో జాజ్. చివరి గది, కిటికీ రెక్క సరిగా పడనిది, కొత్తవాళ్ళది. దానికి ఓనమాల గది అని పేరు పెట్టింది అన్నదమ్ములే. అందులోంచి రోజంతా టింగు, టింగు అని తెగిన ముక్కలే తప్ప పాటంటూ వినపడేది కాదు. బండిలో పడుకుని ఆ టింగుల్ని లెక్కపెడుతూ ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కనీసం చిన్నబ్బాయి నవ్వేవాడు. అన్నయ్య నవ్వాడో లేదో ఇప్పుడు ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

ఆ ఆఖరి హార్ప్‌ని హాల్లో దింపాక అన్నయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. పని కోటు గుండీలు విప్పి ఉన్నాయి, లోపల ఇస్త్రీ చొక్కా. పొద్దుటినుంచీ కోటు కింద ఉండి కనబడలేదు. కోటు విప్పి తమ్ముడి చేతిలో పెట్టి, "సాయంత్రం కలుద్దాం," అని, చదువుకోబోయే పిల్లాడిలా ఆ చివరి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

చిన్నబ్బాయి కోటు పట్టుకుని ఆ నడవాలోనే నిలబడిపోయాడు.

కిందికి దిగి, బండిలో కూర్చుని, భార్యకు ఫోన్ చేశాడు. ఆమె కుట్టు మిషన్ మోత ఆపి, "ఏంటండీ?" అంది.

"అన్నయ్య హార్ప్ నేర్చుకోడానికి వెళ్ళాడు."

"ఇవాళేనా? రేపనుకున్నానే," అందామె.

"నీకు తెలుసా?"

"నిన్న రాత్రి బావగారు నా దగ్గరికొచ్చి గోళ్ళు కత్తిరించమన్నారు. కుడిచేతివి ఎడంచేత్తో సరిగ్గా తెగవట. గోళ్ళుంటే తీగలు చెడిపోతాయని టీచరమ్మ చెప్పిందట. అప్పుడు చెప్పారు." ఆమె దారం తెంపిన చప్పుడైంది. "ఏం, మీకు చెప్పలేదా?"

"చెప్పాడు. ఇప్పుడు. మెట్ల మీద."

"మరింకేం."

ఫోన్ పెట్టేశాక ఆ మాట అతని చెవిలోనే ఉండిపోయింది. మరింకేం. తండ్రి పోయేనాటికి తను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అన్నయ్య బడి మానేసి బండి స్టీరింగ్ పట్టుకున్నాడు. కాళ్ళు బ్రేకుకు అందక నడుం వెనక దిండు పెట్టుకునేవాడు. తమ్ముడు చదివినంత చదివి, ఇక ఎక్కదని తేలాక, బండి వెనక తలుపు తీసి ఎక్కాడు. అప్పటినుంచీ ఏ బరువైనా పైకొస అన్నయ్యది, కిందికొస తమ్ముడిది. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తితే అన్నయ్య, "ముందు వాడిది కానివ్వండి," అనేవాడు. వాడిది అయింది. ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. ముందుగదిలో ఒక మంచం, ఒక రేడియో, కిటికీ దగ్గర ఒక కుర్చీ, అన్నయ్య ఉన్నాడంటే ఉన్నాడు. ఫలానాది కావాలని ఆ నోట విన్నట్టు తమ్ముడికి జ్ఞాపకం లేదు. కూరలో ఉప్పు తక్కువైనా చెప్పని మనిషి.

అలాంటివాడు ఎవరినీ అడక్కుండా పేరు రాయించుకున్నాడు.

కునుకు పట్టలేదు. పైకి వెళ్ళాడు. ఓనమాల గది తలుపుకు పైభాగంలో చిన్న అద్దం ఉంది. అందులోంచి చూశాడు. గుండ్రంగా కూర్చున్నారు: బడి పిల్లలు ఇద్దరు, లావుపాటి ఆవిడ ఒకరు, టై కట్టుకున్న మనిషి ఒకడు, వాళ్ళ మధ్య అన్నయ్య. ఇక్కడ కొత్తవాళ్ళకిచ్చే హార్ప్‌లు చిన్నవి, ఒక్కడు చంకలో పెట్టుకుని మోయగలిగినవి. అన్నయ్య దాన్ని కుడి భుజానికి వాల్చుకుని ఉన్నాడు. ఇనప బీరువాలు ఎత్తిన ఆ రెండు చేతులూ తీగలకు చెరోవైపు గాలిలో ఆగి ఉన్నాయి, ఎక్కడ ముట్టుకుంటే ఏం విరుగుతుందో అన్నట్టు.

టీచరమ్మ పొట్టి మనిషి. మెడలో కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది. అన్నయ్య వెనకగా వచ్చి మోచేయి కొంచెం పైకెత్తి, "బరువు ఎత్తుతున్నట్టు పట్టుకోకండి. అదే మీ మీద వాలుతుంది. వాలనివ్వండి," అంది.

అన్నయ్య భుజాలు దిగాయి. బొటనవేలు, చూపుడు వేలు కలిపి ఎర్ర తీగను లాగి వదిలాడు.

ఒక్క స్వరం. తలుపు మూసి ఉన్నా చిన్నబ్బాయికి వినబడింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఆ ముఖం చూసి చిన్నబ్బాయి గబుక్కున అద్దం దగ్గరనుంచి పక్కకు జరిగాడు. స్నానాల గదిలో ఎవరో ఉండగా తలుపు తీసినట్టనిపించింది. అది తన అన్నయ్య ముఖమే, ముక్కూ కనుబొమలూ అవే. కానీ ఆ ముఖాన్ని ఇదివరకు ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ బండి వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని డబ్బాలు విప్పారు. అన్నయ్య రెండు ముద్దలు తిని డబ్బా మూసేశాడు. కుడిచేతి వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఆకలి లేదా?"

"తరవాత తింటాలే."

చిన్నబ్బాయి తింటూనే ఉన్నాడు, ఏం తింటున్నాడో తెలియకుండా. చివరికి ఆగలేక, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే నవ్వేవాడివి."

"నవ్వేవాణ్ణే."

"అందుకే." అన్నయ్య కుడిచేయి చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. చిటికెన వేలు ఉండవలసిన చోట చిన్న మొండి. ఎప్పుడో ఒక బ్యాంకువాళ్ళ ఇనప పెట్టె మెట్ల మీద జారి తీసుకుపోయిన వేలు అది. "ఒకసారి గుమ్మంలో కూచుని తొడుగులు మడత పెడుతున్నాను. లోపల టీచరమ్మ పిల్లలకి చెప్తోంది, హార్ప్‌కి నాలుగు వేళ్ళే, చిటికెన వేలితో పని లేదు అని. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూచుంటే చెయ్యి కనబడింది. ఇందులో ఏమీ తక్కువ లేదన్నమాట అనుకున్నాను."

"ఎప్పుడది?"

"మీ అమ్మాయి పుట్టిన ఏడు."

చిన్నబ్బాయి చేతిలో ముద్ద డబ్బాలో వదిలేశాడు. నీళ్ళు తాగాడు. ఆ కూతురే ఇప్పుడు తనకు వెంట్రుకలు నెరుస్తున్నాయని మొన్న ఫోన్లో గోల చేసింది.

"అన్నేళ్ళూ ఏం చేశావ్?"

"మోశాను," అన్నాడు అన్నయ్య, అందులో అడగడానికి ఏముందన్నట్టు. తరవాత కాస్త నవ్వి, "మెట్టు తగిలినప్పుడు లోపల మోగుతుంది చూడు, మన గుండెల్లోకి వచ్చేస్తుంది. ఎప్పుడూ గుడ్డ వెనకనుంచే విన్నాం. ఒక్కసారి గుడ్డ తీసి విందామని. అంతేరా. పెద్ద ముచ్చట కూడా కాదు," అన్నాడు.

"ఎట్లా ఉంది మరి?"

అన్నయ్య కందిన వేళ్ళ కొసలు రుద్దుకున్నాడు. "నీతో చెప్పేట్టు లేదు," అన్నాడు. అందులో పెడసరం లేదు. మాట కోసం వెతికి దొరకక అన్న మాట. అయినా తమ్ముడికి చురుక్కుమంది. తనతో చెప్పలేనిది అన్నయ్యకు ఒకటి ఉంటుందని పొద్దుటి దాకా తెలియదు.

సాయంత్రం అందరూ కలిసి ఒక పాట వాయించడం ఆ కార్యశాల రివాజు. పెద్ద హార్ప్‌ల వాళ్ళు పాట నడిపిస్తారు, జాజ్ వాళ్ళు మధ్యలో తమ వంకరలు పోతారు, కొత్తవాళ్ళు వెనక వరసలో ఎర్ర తీగలు మాత్రం మీటుతారు. దానికోసం గదుల్లో ఉన్న హార్ప్‌లన్నిటినీ హాల్లోకి చేర్చాలి. అన్నయ్య పాఠంలో ఉన్నాడు. చిన్నబ్బాయి వాచ్‌మన్‌ను సాయం పిలిచాడు. వాచ్‌మన్ బలం గలవాడే, కానీ ఇతను వాలిస్తే అతను నిలబెట్టేవాడు, ఇతను ఆగితే అతను లాగేవాడు. "వాల్చు. కాదు, ఇటు. ఇప్పుడు తిప్పు," అని చెప్పవలసి వచ్చింది. పని చేస్తూ తన గొంతు తనకే వినబడటం కొత్తగా, బెరుగ్గా అనిపించింది.

హాలు నిండింది. హార్ప్‌లన్నీ తొడుగులు లేకుండా ఒకచోట నిలబడి ఉంటే చిన్నబ్బాయికి పరాయివాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టుంది. ఎటు చూసినా బంగారు వన్నె చెక్క, ఎర్ర తీగలు, నల్ల తీగలు. వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

టీచరమ్మ ముందుకొచ్చి, "కొత్తవాళ్ళు బూట్లు, చెప్పులు విప్పేయండి. పాదాలు నేలకి ఆనితే మోత కిందనుంచి కూడా తెలుస్తుంది," అంది. పిల్లలు చటుక్కున విప్పేశారు. అన్నయ్య వంగి లేసులు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఓపిగ్గా ఆగారు. మేజోడు బొటనవేలి దగ్గర వేరే రంగు దారంతో కుట్టిన కుట్టు కనబడుతూనే ఉంది. చిన్నబ్బాయికి తల కొట్టేసినట్టయింది. వచ్చేసేయ్ అన్నయ్యా, మనకెందుకివన్నీ అని కేకేయాలనిపించింది. కేకేయలేదు.

పాట మొదలైంది. ముందు వరసలోంచి సన్నగా లేచి, జానపదం వాళ్ళ దగ్గర కాస్త ఒళ్ళు చేసి, హాలంతా పరుచుకుంది. టీచరమ్మ వెనక వరసకేసి తల ఊపినప్పుడల్లా కొత్తవాళ్ళు ఎర్ర తీగ లాగుతున్నారు. పిల్లలది ముందు పడుతోంది. టై మనిషిది ఆలస్యం. అన్నయ్యది సరిగ్గా పడుతోంది. బండి వెనక్కి తీసేటప్పుడు గోడకు జానెడు దూరంలో ఆపే ఆ కుదురే ఇది. చిన్నబ్బాయి చేతులు కట్టుకోవడం మరిచిపోయాడు. టీచరమ్మ తల ఊపుకు ముందు అన్నయ్య ఊపిరి పీల్చడం, వేళ్ళు దగ్గరకు రావడం, తీగ వదలడం, ఆ తరవాత చేయి గాలిలో తేలడం, అన్నీ చూస్తున్నాడు. ఒకటి తరవాత ఒకటి. నవ్వు రాలేదు. 

పాట ఆగింది. ఆఖరి మోత ఇంకా చెక్కల్లో తిరుగుతోంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. కుర్చీలు వెనక్కి జరిగాయి. పిల్లలు లేచి వాళ్ళ అమ్మల దగ్గరకు పరుగెత్తారు. అన్నయ్య లేవలేదు. హార్ప్‌ని భుజం మీద పెట్టుకుని, చెంప దాని చెక్కకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కనున్న లావుపాటి ఆవిడ అతన్ని చూసి ముసిముసిగా నవ్వింది, ఇంకా వింటున్నాడనుకుని. చిన్నబ్బాయీ అలాగే అనుకున్నాడు.

తరవాత హార్ప్ కేసి చూశాడు.

వాలు తేడాగా ఉంది. నిలబడవలసిన చోటును దాటి, ఎవరూ పట్టుకోని బరువులా, కొద్దికొద్దిగా వెనక్కి వస్తోంది.

అతను కుర్చీల మధ్యనుంచి నడిచాడు. పరుగెత్తలేదు. వంగి, హార్ప్ ముందు కంబాన్ని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా ముందుకు లాగి నిటారుగా నిలబెట్టాడు. అది కుదురుకుందో లేదో ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు. అన్నయ్య కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు.

జాజ్ గదిలో నేర్చుకుంటున్న డాక్టరు ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. నేల మీద పడుకోబెట్టి రొమ్ము మీద రెండు చేతులతో నొక్కాడు, చెమటలు కారేదాకా నొక్కాడు.  అతను నొక్కినప్పుడల్లా ఆ చెక్క నేల అదిరి, చుట్టూ ఉన్న హార్ప్‌ల తీగలు సన్నగా మోగాయి. ఎవరూ వాటిని ఆపడానికి వెళ్ళలేదు. చివరికి డాక్టరు తల ఎత్తి చిన్నబ్బాయిని చూసి, "మీ వాళ్ళా?" అన్నాడు.

"మా అన్నయ్య," అన్నాడతను. ఆ మాట ఎవరో పరిచయం చేస్తున్నట్టుగా వచ్చింది.

ఆంబులెన్సువాళ్ళు స్ట్రెచర్ తెచ్చారు. లిఫ్టులో పట్టదు. మెట్ల దగ్గర ఒక కుర్రాడు చిన్నబ్బాయిని పక్కకు తప్పుకోమన్నాడు. "ఈ మెట్లు మీకు తెలీవు," అన్నాడు చిన్నబ్బాయి. ఏ గొంతుతో అన్నాడో, ఆ కుర్రాడు పిడి వదిలేశాడు. చిన్నబ్బాయి తల వైపు పట్టుకున్నాడు. మొదటి మలుపులో వాల్చలేదు, మనిషిని వాల్చకూడదు. పైకెత్తి, రెయిలింగు మీదుగా తిప్పాడు. మెట్టు తగలనివ్వలేదు. ఆ బరువు తను అనుకున్నదాని కంటే తక్కువగా ఉంది. అది అతనికి అర్థం కాలేదు.

రెండో అంతస్తు దాటుతుండగా పొద్దున అన్నయ్య గోడకు చేరగిలబడ్డ చోటు కనబడింది. కబురు చెప్పడానికి ఆగాడనుకున్నాడు అప్పుడు. ఊపిరి అందక ఆగాడేమో.

ఆసుపత్రిలో పెద్దగా జరగడానికేమీ మిగల్లేదు. గుండె ఆగిందన్నారు, బాధ తెలిసి ఉండదన్నారు. భార్య మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా వచ్చింది. వచ్చి, లోపల చూసి, బయటి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. ఏడవడానికి కూడా ఇంకా వేళ రానట్టు ఉందామె.

"మీరు దగ్గరే ఉన్నారా?" అంది కాసేపటికి.

"ఉన్నాను." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "ముందు హార్ప్ పట్టుకున్నాను."

"ఆఁ?"

"అన్నయ్యని కాదు. ముందు హార్ప్ పట్టుకున్నాను."

ఆమెకు అర్థం కాలేదు. అయినా తల ఊపి, టేపు తీసి చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని, అతని మోచేతి మీద చేయి వేసింది. అతను ఆ మాట ఇంకోసారి అన్నాడు, ఇంకా చిన్నగా. చుట్టాలకు ఎవరెవరికి చెప్పాలో ఆమె అడుగుతోంది. అన్నీ వినబడుతున్నాయి, ఏదీ లోపలికి పోవడం లేదు.

బాగా చీకటి పడ్డాక బండి కోసం ఆ భవనానికి తిరిగి వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. బండి వెనక తలుపు దించి ఉంది. హార్ప్‌లన్నీ లోపలే ఉన్నాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు, చెప్పడానికి వచ్చినవాళ్ళు, డాక్టరు, టై మనిషి, అందరూ కలిసి మోసి దించారని వాచ్‌మన్ చెప్పాడు. రెండు తొడుగులు తిరగేసి తొడిగారు. తాళ్ళు ముళ్ళు పడేలా కట్టారు. చిన్నబ్బాయి ఒక ముడి విప్పబోయి, ఊరుకున్నాడు.

"పైన టీచరమ్మ ఉంది," అన్నాడు వాచ్‌మన్. "మీకోసమే."

వట్టి చేతులతో మెట్లెక్కాడు. మలుపు దగ్గర భుజం దానంతటదే పక్కకు తిరిగింది.

టీచరమ్మ హాలు గుమ్మంలో నిలబడి ఉంది, కళ్ళజోడు చేతిలో పట్టుకుని. పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది. కుర్చీలన్నీ గోడవారగా ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. నేల ఊడ్చారు. వెనక వరస ఉండే చోట ఒక్క కుర్చీ మిగిలింది.

"దాన్ని మేమెవరం ముట్టుకోలేదు బాబూ," అందామె.

అతను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ కుర్చీ కింద అన్నయ్య బూట్లు ఉన్నాయి, మడమలు రెండూ కలిపి, లేసులు లోపలికి దోపి, లేవగానే తొడుక్కోవడానికి వీలుగా బయటికి తిప్పి పెట్టి.